అలారం ‘వెంట్ ఆఫ్’ అంటే మోగినట్టా, ఆగినట్టా?

2023 ఏప్రిల్ 23, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల వేళ బ్రిటన్‌లో కోట్లాది మొబైల్ ఫోన్లు దాదాపు ఒకేసారి సైరన్‌లా కూత పెట్టాయి. వరదల వంటి ప్రాణాపాయ సమయాల్లో జనాన్ని హెచ్చరించడానికి అక్కడి ప్రభుత్వం సిద్ధం చేసుకున్న ఏర్పాటును దేశమంతటా పరీక్షించి చూసిన రోజు అది. అలా ఫోను కూత పెట్టడాన్ని ఒక బ్రిటిష్ పౌరుడు తన భాషలో చెప్పాలంటే సహజంగా వచ్చే మాట ‘మై ఫోన్ వెంట్ ఆఫ్’. హెచ్చరిక అందనివాడు అనేది ‘మైన్ డిడ్‌న్ట్ గో ఆఫ్’. మన దేశంలోనూ అదే ఏడాది టెలికాం శాఖ ఇలాంటి పరీక్షా సందేశాలను పంపినప్పుడు మన ఫోన్లు కూడా ఉన్నట్టుండి పెద్ద మోత చేశాయి. అయితే ‘నా ఫోను ఆఫ్ అయింది’ అని ఏ తెలుగువాడైనా అంటే, వినేవాడు అడిగే మొదటి ప్రశ్న ఛార్జింగ్ అయిపోయిందా అనే. మాట చూస్తే ఒకటే, సంగతులు మాత్రం పూర్తిగా ఎదురెదురు. ఒకరి ఫోను ఊరంతా వినిపించేలా మోగింది, మరొకరి ఫోను నోరు మూసుకుంది.

ఈ తికమకకు మూలమైన ‘గో ఆఫ్’ ఇంగ్లీషులో అతి మామూలు మాట. బాంబు పేలినా గో ఆఫ్, అలారం మోగినా గో ఆఫ్, దీపాలు ఆరినా గో ఆఫ్, పాలు విరిగినా గో ఆఫ్, మనిషి వెళ్ళిపోయినా గో ఆఫ్. ఇవన్నీ ఒక్క మాటలో ఎలా ఇమిడాయి, వాటిలో కొన్ని ఒకదానికొకటి వ్యతిరేకంగా ఎలా తయారయ్యాయి, మనం ప్రత్యేకంగా ఎక్కడ తడబడతాం అన్నవి ఈ వ్యాసం పరిశీలించే విషయాలు.

మన ‘ఆఫ్’లో ‘ఆపు’ వినిపిస్తుంది

తడబాటు ఇంగ్లీషులో మొదలు కాదు, తెలుగులోనే మొదలవుతుంది. ‘ఆఫ్’ అనేది ఇప్పుడు తెలుగు మాట కూడా. ఫ్యాను ఆఫ్ చేస్తాం, టీవీ ఆఫ్ చేస్తాం, వారానికొక రోజు వీక్ ఆఫ్ తీసుకుంటాం, మనసు బాగాలేకపోతే మూడాఫ్ అంటాం. ఈ వాడుకలన్నింటిలోనూ ఆఫ్ అంటే పని ఆగిపోవడమో లేకపోవడమో తప్ప మొదలుకావడం ఎక్కడా కనిపించదు. స్విచ్ మీద ఆన్, ఆఫ్ అని రెండు మాటలే ఉంటాయి కనుక మన వాడుకలోనూ ఆ రెండే స్థితులు స్థిరపడ్డాయి.

దీనికి తోడు ఒక యాదృచ్ఛికమైన పోలిక ఉంది. ‘ఫ్యాను ఆఫ్ చెయ్యి’, ‘ఫ్యాను ఆపు’ అన్న రెండు వాక్యాలను పక్కపక్కన పలికి చూడండి. ‘ఆపు’ అచ్చ తెలుగు క్రియ, ‘ఆగు’కు ప్రేరణ రూపం. ‘ఆఫ్’కూ దానికీ పుట్టుకలో ఏ చుట్టరికమూ లేదు. అయినా ధ్వనిలోనూ ఈ ఒక్క సందర్భపు అర్థంలోనూ రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయంటే, తెలుగు చెవికి ఆఫ్ అన్నది ఆపుకు కొంచెం నాజూకైన ఇంగ్లీషు రూపంలా తోస్తుంది. అందుకే ‘అలారం వెంట్ ఆఫ్’ అన్నప్పుడు మన బుద్ధి ఆగకుండా ‘అలారం ఆగింది’ దగ్గరికి పరుగెత్తుతుంది. ఇది నా అనుమానం మాత్రమే కావచ్చు గానీ, ఇంగ్లీషు చక్కగా చదువుకున్నవారు సైతం ఈ ఒక్కచోట తప్పటడుగు వేయడానికి ఇంతకన్నా నమ్మదగిన కారణం నాకు కనిపించలేదు.

మన లిపి కూడా ఇందులో కొంత బాధ్యత వహిస్తుంది. ‘బ్యాంక్ ఆఫ్ బరోడా’లోని ఆఫ్, ‘స్విచ్ ఆఫ్’లోని ఆఫ్ ఇంగ్లీషులో వేరు వేరు మాటలు. మొదటిదాన్ని వాళ్లు దాదాపు ‘అవ్’ అని పలుకుతారు. మనం రెండింటినీ ఒకే అక్షరాలతో రాస్తాం. వాడుకలో సగానికి వాడే ‘హాఫ్’ కూడా హకారం పోగొట్టుకుని ‘ఆఫ్ టికెట్’, ‘ఆఫ్ బాయిల్’ అయి కూర్చుంటుంది. ఒకే వేషంలో మూడు పాత్రలన్నమాట.

ఫ్రేజల్ వెర్బ్ అంటే ఏమిటి, అది విదేశీయులకే ఎందుకు కష్టం?

ఒక చిన్న క్రియకు ఆన్, ఆఫ్, అప్, డౌన్, ఇన్, అవుట్ వంటి ఒక చిన్న మాట చేరి, రెండూ కలిసి ఒకే క్రియలా పనిచేస్తే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ఈ పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రచనతో ప్రచారంలోకి వచ్చింది. దాన్ని తనకు సూచించినవారు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులలో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పుకున్నాడు. పేరు కొత్తదే గానీ తలనొప్పి పాతది. 1755లో వెలువడిన తన నిఘంటువు ముందుమాటలో సామ్యూల్ జాన్సన్ ఈ రకం కూర్పులే విదేశీయులకు అన్నిటికన్నా ఎక్కువ కష్టం కలిగిస్తాయని రాశాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో కమ్ ఆఫ్, ఫాల్ ఆఫ్, బ్రేక్ ఆఫ్, సెట్ ఆఫ్, టేక్ ఆఫ్ ఉన్నాయి. వాటిలో సెట్ ఆఫ్‌కు ఆయన చెప్పిన అర్థం అలంకరించడం, అందం పెంచడం. ఇవాళ ఆ మాట వినగానే స్ఫురించేది ప్రయాణం కట్టడమో, బాంబు పేల్చడమో. అంటే ఈ కూర్పులు కాలంతో పాటు అర్థాన్నీ మార్చుకుంటూ వస్తాయి.

తెలుగు బడిలో కొంచెం సంస్కృత వ్యాకరణం చదివినవారికి ఇదంతా మరీ వింతగా అనిపించనక్కర్లేదు. ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా మరో చోటికి ఈడ్చుకుపోతుందని చెప్పి, అందుకు ప్రహార, ఆహార, సంహార, విహార, పరిహారాలను ఉదాహరణగా చూపే ఒక పాత శ్లోకం ఉంది. ధాతువు ఒక్కటే, తీసుకుపోవడం అని దాని అర్థం. ముందు చేరిన ముక్క మారితే అదే ధాతువు కొట్టడం అవుతుంది, తినడం అవుతుంది, చంపడం అవుతుంది, తిరగడం అవుతుంది, దోషాన్ని తొలగించడం అవుతుంది. ఇంగ్లీషు చేసేది సరిగ్గా ఇదే పని. తేడా ఏమిటంటే సంస్కృతం ఆ ముక్కను క్రియకు ముందు అతికించి ఒకే పదం చేస్తుంది, ఇంగ్లీషు దాన్ని వెనక విడిగా నిలబెడుతుంది. నిజానికి వేదభాషలో ఉపసర్గ ధాతువుకు దూరంగానూ తరువాతా కూడా రావచ్చునని పాణిని సూత్రాలే అనుమతిస్తున్నాయి. పాత ఇంగ్లీషులోనూ ఇలాంటి ముక్కలు చాలావరకు క్రియకు ముందే ఉండేవి, క్రమంగా వెనక్కి జరిగాయి.

‘ఆఫ్’ మనకు తెలిసిన ‘అప’కు దూరపు చుట్టం

ఇంగ్లీషు ఆఫ్, లాటిన్ ‘అబ్’, గ్రీకు ‘అపొ’, సంస్కృత ‘అప’ అన్నీ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ మూలానికి అర్థం ‘నుంచి దూరంగా’. ఇంతకు ముందు చెప్పిన బ్యాంకు పేర్లలోని ‘ఆఫ్’ కూడా ఒకప్పుడు ఇదే మాట. ఊది పలికితే ఒకటి, తేలికగా పలికితే మరొకటి అయింది. 1600 దాటిన తరువాత గానీ రాతలో ఈ రెండూ స్థిరంగా విడిపోలేదు. కనుక తెలుగు లిపి రెండింటినీ ఒకేలా రాయడం చరిత్ర దృష్టితో చూస్తే అంత పెద్ద నేరం కాదు.

అపహరణ అంటే దూరంగా తీసుకుపోవడం, అపగమనం అంటే దూరంగా వెళ్ళడం. అయితే ‘అప’ అంటే దూరం అనే అర్థం ఒక్కటే మనకు తెలియదు. అపస్వరం, అపశ్రుతి, అపకీర్తి వంటి మాటల్లో అప అంటే చెడు. ఉండవలసిన చోటు నుంచి తొలగినది చెడిపోయినదే అవుతుందన్న తర్కం అందులో ఉంది. స్వరం తన స్థానం తప్పితే అపస్వరం. పాలు తమ మంచి స్థితి తప్పితే ఇంగ్లీషులో ‘గాన్ ఆఫ్’. రెండు భాషలూ ఒకే దారిన నడిచి ఒకే చోటికి చేరాయి. అపగమనం మాట చూసి ‘గో’కూ ‘గమ్’కూ కూడా చుట్టరికం అంటగట్టాలనిపిస్తుంది గానీ అది నిజం కాదు. గమ్ ధాతువుకు ఇంగ్లీషులో అసలైన చుట్టం ‘గో’ కాదు, ‘కమ్’.

‘గో ఆఫ్’ను ‘పోవు’ పక్కన పెట్టి చూస్తే

‘గో ఆఫ్’ అర్థాలను నిఘంటువులు ఏడెనిమిదిగా విడదీసి అంకెలు వేసి చూపుతాయి. వాటిని అలా బట్టీ పట్టే బదులు తెలుగులోని ‘పోవు’తో పోల్చి చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. ‘హి వెంట్ ఆఫ్ సమ్‌వేర్’ అంటే అతడు ఎటో వెళ్ళిపోయాడు. ‘ద పవర్ వెంట్ ఆఫ్’ అంటే కరెంటు పోయింది. ‘ద లైట్స్ వెంట్ ఆఫ్’ అంటే దీపాలు ఆరిపోయాయి. ‘ద మిల్క్ హ్యాజ్ గాన్ ఆఫ్’ అంటే పాలు విరిగిపోయాయి. ఊయలలోని బిడ్డ గురించి ‘షి హ్యాజ్ గాన్ ఆఫ్’ అంటే నిద్రపోయింది. ‘షి వెంట్ ఆఫ్ విత్ హిమ్’ అంటే అతనితో వెళ్ళిపోయింది, సందర్భాన్ని బట్టి లేచిపోయింది. ‘సమ్‌వన్ వెంట్ ఆఫ్ విత్ మై అంబ్రెల్లా’ అంటే నా గొడుగు ఎవరో ఎత్తుకుపోయారు. ఇంగ్లీషులో ప్రతిచోటా గో ఆఫ్, తెలుగులో ప్రతిచోటా పోవు. అంటే మనకు ఈ మాట లోపలి నుంచే తెలుసు.

ఇష్టం తరిగిపోవడాన్ని చెప్పే వాడుక ఇంకా తమాషాగా ఉంటుంది. బ్రిటిష్ ఇంగ్లీషులో ‘ఐ హావ్ గాన్ ఆఫ్ కాఫీ’ అంటే కాఫీ మీద మునుపటి మోజు పోయిందని. మనిషి గురించి ‘ఐ హావ్ గాన్ ఆఫ్ హిమ్’ అంటే అతని మీద మనసు విరిగిపోయిందని. తెలుగులో విరిగేవి పాలూ మనసూ రెండూను. ఇంగ్లీషులో ఆ రెండు సంగతులకూ గో ఆఫే. కాకపోతే వాక్యం కూర్పులో ఒక ముఖ్యమైన తేడాను గమనించాలి. పాల విషయంలో వాక్యానికి కర్త పాలే, ఆఫ్ తరువాత ఇంకేమీ రాదు. కాఫీ విషయంలో కర్త మనిషి, కాఫీ ఆఫ్ తరువాత వస్తుంది. మొదటిదానిలో పాలు మంచితనం నుంచి దూరమయ్యాయి, రెండవదానిలో మనిషి కాఫీ నుంచి దూరమయ్యాడు. ‘ద కాఫీ హ్యాజ్ గాన్ ఆఫ్’ అని తిప్పి రాస్తే కాఫీ పాడైపోయిందనే అర్థం వస్తుంది తప్ప ఇష్టం పోయిందని రాదు.

ఈ పోలిక తెగిపోయే చోటు అలారం. ‘అలారం పోయింది’ అని తెలుగులో అంటే అది పాడైందనో, ఎక్కడో పారేసుకున్నామనో అర్థం. మోగిందని ఎంత మాత్రం కాదు. బాంబు విషయంలో ‘పేలిపోయింది’ అనగలం గానీ, అక్కడ సంగతిని చెబుతున్నది ‘పేలు’ అన్న క్రియ. ‘పోవు’ దానికి జరిగిపోయిందన్న ముగింపును మాత్రమే చేరుస్తుంది. అసలు రెండు భాషల మధ్య తేడా అంతా ఇక్కడే ఉంది. తెలుగు ఆరిపోయింది, విరిగిపోయింది, పేలిపోయింది, నిద్రపోయింది అంటూ ఏం జరిగిందో ముందే చెప్పి, ఆ తరువాత పోవును తగిలిస్తుంది. ఇంగ్లీషు ‘గో ఆఫ్’ ఏం జరిగిందో చెప్పకుండా వదిలేసి, దాన్ని కర్తను చూసి మనమే ఊహించుకోవాలంటుంది. కర్త దీపమైతే ఆరింది, బాంబైతే పేలింది, పాలైతే విరిగాయి. క్రియ కర్తలోనే దాక్కుని ఉంటుందని చెప్పుకోవచ్చు.

పేలడానికీ ఆరడానికీ ఒకే మాట ఎలా వచ్చింది?

ఇప్పుడు అసలు చిక్కు. దూరమవడం అన్న అర్థం నుంచి ఆరిపోవడం, చెడిపోవడం, వెళ్ళిపోవడం రావడం సులువుగానే అర్థమవుతుంది. పేలడం, మోగడం ఎలా వచ్చాయి?

ఆయుధాల విషయంలో ఈ వాడుక చాలా పాతది. షేక్స్‌పియర్ ‘హామ్లెట్’ నాటకంలో రాజు విందులో మద్యపాత్ర ఎత్తినప్పుడు బూరలు ఊదాలనీ రెండు ఫిరంగులు పేలాలనీ ఒక రంగసూచన ఉంది. ఫిరంగులు పేలడానికి అక్కడ వాడిన మాట గో ఆఫే. ఆ కాలానికి విద్యుత్ స్విచ్ గానీ, దాని మీద ఆన్, ఆఫ్ అన్న అక్షరాలు గానీ ఎవరి ఊహలోనూ లేవు. కనుక చరిత్ర క్రమంలో చూస్తే పేలడం పెద్దన్న, కరెంటు పోవడం కడగొట్టు తమ్ముడు. మనం కడగొట్టువాడిని ముందుగా పరిచయం చేసుకుని, పెద్దన్నను చూసి ఇతనెవరని ఆశ్చర్యపోతున్నాం.

దీనికి సాధారణంగా చెప్పే ఒక వివరణ ప్రయాణాన్ని ఆధారం చేసుకుంటుంది. గుండు తుపాకీని విడిచి దూరంగా పోతుంది. గుండుకు చెందిన కదలికనే తుపాకీకి అంటగట్టి ‘తుపాకీ గో ఆఫ్ అయింది’ అన్నారు. ఇంకొక వివరణ యంత్రం పనితీరును చూస్తుంది. పాతకాలపు తుపాకీలో సుత్తి వంటి భాగాన్ని వెనక్కి లాగితే ఒక కొక్కెం దాన్ని పట్టి ఉంచుతుంది. మీట నొక్కగానే కొక్కెం వదులుతుంది, సుత్తి ఎగిరి పడుతుంది, మందు అంటుకుంటుంది. కీ ఇచ్చే అలారం గడియారంలోనూ జరిగేది ఇదే. చుట్టి బిగించిన స్ప్రింగును ఒక అడ్డు పట్టి ఉంచుతుంది, పెట్టిన వేళకు అడ్డు తొలగుతుంది, స్ప్రింగు విడుదలై గంట గణగణ మోగుతుంది. బిగబట్టి ఉన్నది ఆ పట్టు నుంచి విడివడడమే ఇక్కడి ఆఫ్. మన మాటల్లో చెప్పాలంటే వింటి నుంచి బాణం వదలడం వంటిది.

ఈ రెండింటిలో ఏది సరైనదో ఖాయంగా తేల్చడం కష్టం, బహుశా రెండూ కలిసే పనిచేసి ఉంటాయి. గుండు వివరణ తుపాకీకి బాగా నప్పుతుంది కానీ, ఏ వస్తువూ బయటికి పోని అలారం గంటకు నప్పదు. పట్టు వదలడం అన్న వివరణ రెండింటికీ సరిపోతుంది కనుక నా మొగ్గు అటువైపే. పైగా అలారం అన్న మాట పుట్టుక కూడా ఆయుధాల దగ్గరే ఉంది. ఇటాలియన్‌లో ‘ఆయుధాలు పట్టండి’ అన్న కేకే ఇంగ్లీషులో అలారంగా మారింది. కోటలో మోగే ఆ హెచ్చరికకూ, కోట గోడ మీద పేలే ఫిరంగికీ ఒకే క్రియ కుదరడంలో ఆశ్చర్యం లేదు.

ఏ వివరణను ఒప్పుకున్నా ఒక సంగతి స్పష్టమవుతుంది. ఆఫ్ అంటే ఉన్న స్థితి నుంచి దూరమవడం మాత్రమే. ఉన్న స్థితి వెలుగైతే దాని నుంచి దూరమవడం చీకటి. ఉన్న స్థితి నిశ్శబ్దమైతే, బిగబట్టిన శక్తి అయితే, దాని నుంచి దూరమవడం మోత, పేలుడు. ఒకే మాట ఎదురెదురు అర్థాలిస్తున్నట్టు కనిపించడానికి కారణం మాట మారడం కాదు, బయలుదేరే చోటు మారడం. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు కూడా అలారం ‘ఆన్’ అయితే ‘ఆఫ్’ అయిందంటామేమిటని నవ్వుకుంటూ ఉంటారు, కనుక ఈ విడ్డూరం మనకొక్కరికే తోచినది కాదు.

ఏ ‘గో ఆఫ్’ ఏదో తేల్చే ఒక పరీక్ష

తెలుగులో పేలు–పేల్చు, మోగు–మోగించు, ఆరు–ఆర్పు, ఆగు–ఆపు అని జంటలున్నాయి. మొదటిది దానంతట అది జరగడం, రెండవది ఎవరో జరిపించడం. ‘గో ఆఫ్’ ఎప్పుడూ మొదటి రకమే. ‘ఐ వెంట్ ఆఫ్ ద అలారం’ అనడం ఇంగ్లీషులో చెల్లదు. మరి జరిపించడం చెప్పాలంటే ఏం చేస్తారు? ఇక్కడ ఇంగ్లీషు దారి రెండుగా చీలుతుంది. పేల్చడానికీ మోగించడానికీ ‘సెట్ ఆఫ్’, ఆర్పడానికీ ఆపడానికీ ‘టర్న్ ఆఫ్’ లేదా ‘స్విచ్ ఆఫ్’. గో ఆఫ్‌లో కలిసిపోయిన రెండు అర్థాలు ఇక్కడ విడిపోయి కనిపిస్తాయి.

అమెరికాలో అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగువారికి ఇది వంటింట్లోనే ఎదురయ్యే అనుభవం. నూనె బాగా కాగాక ఎండుమిరపకాయలు వేసి పోపు పెడితే పొగ పైకి లేచి, పైకప్పుకున్న స్మోక్ అలారం కీచుమని అరవడం మొదలుపెడుతుంది. ఈ కథను ఇంగ్లీషులో చెబితే పోపు అలారాన్ని ‘సెట్ ఆఫ్’ చేసింది, అలారం ‘వెంట్ ఆఫ్’, ఇంటాయన స్టూలెక్కి దాన్ని ‘టర్న్ ఆఫ్’ చేశాడు. మూడు వాక్యాల్లోనూ ఆఫ్ ఉంది. మొదటిదానిలో మోగించడం, రెండవదానిలో మోగడం, మూడవదానిలో ఆపడం. పక్కింటివారు ‘డిడ్ యువర్ అలారం గో ఆఫ్?’ అని అడిగితే వారు ఆరా తీస్తున్నది మోగిందా అని. దాన్ని ఆగిందా అనుకుని, అలారం ఇంకా అరుస్తూనే ఉన్న సమయంలో ‘నో, నాట్ యెట్’ అని జవాబిస్తే పక్కింటివారు తమ చెవులను తామే అనుమానించుకోవలసి వస్తుంది.

చదువుతున్న వాక్యంలో గో ఆఫ్ ఎటు పోతున్నదో తెలియనప్పుడు అక్కడ ‘సెట్ ఆఫ్’ కుదురుతుందా, ‘టర్న్ ఆఫ్’ కుదురుతుందా అని చూస్తే సాధారణంగా విషయం తేలిపోతుంది. టపాకాయను సెట్ ఆఫ్ చేస్తారు, టర్న్ ఆఫ్ చేయలేరు. దీపాన్ని టర్న్ ఆఫ్ చేస్తారు, సెట్ ఆఫ్ చేయరు. రెండూ చేయగలిగినవి అలారం వంటి కొన్ని వస్తువులే. వాటి విషయంలో గో ఆఫ్ అంటే మోగడమని స్థిరపడింది. మోగుతున్న అలారం దానంతట అది ఆగిపోతే ‘ఇట్ స్టాప్డ్’ అంటారు.

‘తుపాకీ పేలింది’: చేసినవాడు కనిపించని వాక్యం

గో ఆఫ్ దానంతట అది జరిగే క్రియ కావడం వల్ల దానికొక సామాజిక కోణం కూడా ఉంది. ‘ద గన్ వెంట్ ఆఫ్’ అన్న వాక్యంలో తుపాకీ ఉంది, పేలుడు ఉంది, పేల్చిన చెయ్యి లేదు. నిజంగా చేజారి పేలిన సందర్భంలో ఇది న్యాయమైన వాక్యమే. తెలిసి కాల్చినవాడు వాడితే బాధ్యత నుంచి తప్పుకునే వాక్యం అవుతుంది. తెలుగులోనూ ‘తుపాకీ పేలింది’, ‘తుపాకీ పేల్చాడు’ అన్న వాక్యాల మధ్య దూరం ఇంతే. ఏ వాక్యం వాడాలన్నది వ్యాకరణం చెప్పదు, సాక్ష్యం చెప్పాలి. వార్త రాసేవారికి ఇది చిన్న విషయమేమీ కాదు. చేయి ఎవరిదో తేలేవరకు గో ఆఫ్ అనడమే జాగ్రత్త అని కొందరు, అలా అనడమే ఒక పక్షం తీసుకోవడమని మరికొందరు వాదించవచ్చు. రెండు వాదాల్లోనూ బలం ఉంది.

ఇక్కడే మన పత్రికల భాషలో ఒక తారుమారు గురించి చెప్పాలి. పోలీసు తుపాకీ పొరపాటున పేలితే తెలుగు వార్తల్లో ‘గన్ మిస్‌ఫైర్’ అని రాయడం పరిపాటి. ఇంగ్లీషులో మిస్‌ఫైర్ అంటే మీట నొక్కినా తుపాకీ పేలకపోవడం, అంటే గో ఆఫ్ కాకపోవడం. మనం తుస్సుమంది అంటామే, అది. గో ఆఫ్‌ను చూసి ఆగిందనుకునే మనం మిస్‌ఫైర్‌ను పేలిందనే అర్థంలో వాడుతున్నాం. తెలుగు వాడుకలో ఆ మాట స్థిరపడిపోయింది కనుక తప్పని కొట్టిపారేయడం కష్టం గానీ, ఇంగ్లీషు వార్తను తెలుగులోకి తెచ్చేటప్పుడు మాత్రం అది ప్రమాదకరమైన మలుపు.

బట్టీ పట్టాలా, బొమ్మ కట్టుకోవాలా?

ఇలాంటి మాటలను ఎలా అర్థం చేసుకోవాలన్న విషయంలో పండితుల మధ్య రెండు ధోరణులున్నాయి. ఒక పక్షం దృష్టిలో ఫ్రేజల్ వెర్బ్ ఒక జాతీయం. భాగాల అర్థాన్ని కలిపితే మొత్తం అర్థం రాదు కాబట్టి ప్రతి అర్థాన్నీ విడిగా నేర్చుకోవలసిందే. నిఘంటువులు అంకెలు వేసి చూపే పద్ధతి ఈ ఆలోచనకు దగ్గరగా ఉంటుంది. రెండవ పక్షం 1980ల నుంచి బలపడింది. ఆఫ్, అప్, అవుట్ వంటి ముక్కలకు మూలంలో స్థలానికి సంబంధించిన ఒక బొమ్మ ఉంటుందనీ, మిగిలిన అర్థాలు ఆ బొమ్మ నుంచే కొమ్మలుగా విస్తరిస్తాయనీ ఈ పక్షం చెబుతుంది. 1981లో సూజన్ లిండ్నర్ అప్, అవుట్‌లతో ఏర్పడే క్రియలను ఈ దృష్టితో విశ్లేషించిన పరిశోధన ఈ దారిలో తొలినాళ్లది.

ఈ వ్యాసంలో ఇప్పటిదాకా నడిచిన దారి రెండవదే. అయినా మొదటి పక్షం చెప్పేదానిలోనూ కాదనలేని నిజం ఉంది. బొమ్మ మనకు జరిగినదాన్ని వివరించగలదు, జరగబోయేదాన్ని ఊహించి చెప్పలేదు. ఇంగ్లీషులో ‘ద పార్టీ వెంట్ ఆఫ్ వెల్’ అంటే విందు సజావుగా జరిగిందని అర్థం. దూరమవడం అన్న బొమ్మ నుంచి దీన్ని రాబట్టాలంటే బొమ్మను చాలా సాగదీయాలి. టపాకాయ చక్కగా పేలినట్టు విందు కూడా అనుకున్నట్టు జరిగిందని సర్దిచెప్పుకోవచ్చు గానీ, ఆ సర్దుబాటు అర్థం తెలిసిన తరువాత తోచేదే తప్ప ముందు తోచేది కాదు. పాలకూ మాంసానికీ గో ఆఫ్ అని, పువ్వు వాడితే ఎందుకు అనరన్న ప్రశ్నకు కూడా బొమ్మ దగ్గర జవాబు లేదు. అనరు, అంతే.

సముద్రానికి ఆ ఒడ్డు, ఈ ఒడ్డు

పాలు చెడడానికీ మోజు పోవడానికీ గో ఆఫ్ వాడడం ప్రధానంగా బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి చోట్ల అలవాటు. అమెరికాలో పాలు ‘గో బ్యాడ్’ అవుతాయి. అమెరికన్లు ‘హి వెంట్ ఆఫ్ ఆన్ మి’ అంటే అతడు నా మీద విరుచుకుపడ్డాడని. బాంబు పేలినట్టు మనిషి పేలాడన్నమాట, ‘నోటికొచ్చినట్టు పేలుతున్నాడు’ అని మనమూ అంటాం. ఈమధ్య సామాజిక మాధ్యమాల్లో బాగా పాడినవారికో ఆడినవారికో ‘గో ఆఫ్!’ అని రాయడం మెచ్చుకోలు. చెలరేగిపో అని అర్థం.

ఇక మొదట చెప్పిన ఫోను సంగతి. ‘మై ఫోన్ వెంట్ ఆఫ్ డ్యూరింగ్ ద మీటింగ్’ అన్న వాక్యం లండన్ ఆఫీసులో వినిపిస్తే, సమావేశం మధ్యలో ఫోను మోగి అందరూ తలతిప్పి చూశారని అర్థం. చెప్పినవాడు క్షమాపణ కోరుతున్నాడు. అదే వాక్యం హైదరాబాదులోని సహోద్యోగి రాస్తే ఛార్జింగ్ అయిపోయి ఫోను ఆగిందని, అందుకే కాల్ ఎత్తలేదని అతడు చెప్పదలచుకుని ఉండవచ్చు. భారతీయ ఇంగ్లీషులో ఆ అర్థం నిత్యం వినిపించేదే. ఇందాకటి పరీక్ష కూడా ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే ఫోను మోగించగలిగినదీ, ఆపగలిగినదీ కూడా. రెండు ఆఫీసుల మధ్య ఈమెయిల్ నడిచేటప్పుడు మోగితే ‘ర్యాంగ్’ (మోగింది) అనీ, ఛార్జింగ్ అయిపోతే ‘డైడ్’ అనీ రాసేస్తే గొడవ ఉండదు. బ్రిటిష్ వారు బ్యాటరీ అయిపోయిన ఫోనును మామూలుగా అనేది ఆ రెండో మాటే.